రెండు ఏలుబడుల నడుమ ఒక గ్రంథాలయం

1901లో హైదరాబాదు శివార్లలో వనస్థలిపురం అనే పేరు లేదు. ఇప్పటి జింకల పార్కు ఉన్న అడవి అప్పట్లో నిజాముల వేట భూమి. 1975లో మహావీర్ హరిణ వనస్థలిగా మారి కృష్ణజింకలకు మిగిలిన నేల అదే, కాలనీకి పేరు ఇచ్చిందీ అదే. కాలనీలు లేకున్నా బాట మాత్రం ఉండేది. గోలకొండ నుంచి మచిలీపట్నం రేవుకు వజ్రాలూ అద్దకం బట్టలూ పోయిన పాత బాట ఈ దిక్కునే సాగేది. దాని మీదనే హయాత్ బక్షీ బేగం పదిహేడో శతాబ్దంలో హయత్‌నగర్‌లో మసీదూ, బాటసారులకు సరాయీ కట్టించింది. ఇవాళ ఎల్బీనగర్ నుంచి విజయవాడ బస్సెక్కితే నకిరేకల్, సూర్యాపేట దాటాక మునగాల వస్తుంది. బస్సు కిటికీలోంచి చూస్తే అదొక మామూలు ఊరు. తెలంగాణలో తెలుగు పునర్వికాసానికి మూలం వెతకాలంటే మాత్రం ఈ రహదారి కలిపే రెండు చోట్లను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి హైదరాబాదులోని రెసిడెన్సీ బజారు, రెండోది ఈ మునగాల. ఈ రెండింటికీ ఉన్న ఒక ఉమ్మడి లక్షణమే నా వాదనకు పునాది. రెండూ నిజాం రాజ్యం చుట్టుముట్టిన చోట్లే అయినా రెండింటి మీదా నిజాం పోలీసు చెయ్యి పూర్తిగా పడలేదు.

బడి పుస్తకాల్లో యూరప్ పునర్వికాసం 1453తో మొదలవుతుంది. తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టుకున్నారు, గ్రీకు పండితులు గ్రంథాలు చంకన పెట్టుకుని ఇటలీకి వచ్చారు, దాంతో కొత్త చూపు పుట్టింది అని చదువుకున్నాం. తేదీలు ఈ కథకు ఒప్పుకోవు. పెట్రార్క్ వెరోనాలో సిసిరో ఉత్తరాల ప్రతిని కనుగొన్నది 1345లో, అంటే ఆ నగరం పడిపోవడానికి నూరేళ్లకు పైగా ముందు. గ్రీకు నేర్పడానికి క్రిసొలోరస్ ఫ్లారెన్సుకు 1397లోనే వచ్చాడు, అదీ పిలిపిస్తే వచ్చాడు. పోజ్జియో ఒక మఠంలో లుక్రేషియస్ కావ్యాన్ని వెలికి తీసింది 1417లో. ముందు ఆకలి పుట్టింది, అన్నం తర్వాత వచ్చింది. ఆ ఆకలి ఎవరిదో కూడా చూడాలి. వాళ్లలో ఎక్కువమంది రాజులు కారు, పీఠాధిపతులు కారు. దస్తావేజులు రాసేవాళ్లు, వకీళ్లు, నగరాల కార్యదర్శులు, చదువు చెప్పేవాళ్లు. క్రిసొలోరస్‌ను పిలిపించిన సలుతాతి ఫ్లారెన్సు నగరానికి ప్రధాన లేఖరి. వ్యాకరణం, అలంకారం, చరిత్ర, కవిత్వం, నీతి అనే ఐదు విద్యలను వీళ్లు మనిషికి కావలసిన విద్యలన్నారు. మానవవాదం అన్న మాట ఆ ఐదు విద్యల పేరులోంచే వచ్చింది. దేవుణ్ణి కాదనడం వాళ్ల ఉద్దేశం కాదు, పెట్రార్క్ స్వయంగా చర్చి ఉద్యోగి. పోయిన పుస్తకాన్ని వెతికి తెచ్చి, సరిచూసి, చదివి, దాంట్లో తన ముఖం చూసుకోవడం వాళ్ల పని.

ఇదంతా ఇటలీలోనే ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు వర్తకం, సంపద, మెడిచీల పోషణ అని జవాబు చెబుతారు. నిజమే కానీ అది సగం జవాబు. ఉత్తరాన చక్రవర్తి, నడుమ పోపు, ఇద్దరిలో ఎవరూ పూర్తిగా మింగలేని చిన్న చిన్న నగరాలు. ఒక నగరంలో బతకలేనివాడు పక్క నగరంలో కొలువు వెతుక్కోగలిగాడు. లొరెంజో వల్లా 1440లో పోపుల రాజ్యాధికారానికి ఆధారమైన కాన్‌స్టంటైన్ దానపత్రం దొంగదని భాషా పరీక్షతోనే తేల్చాడు. ఆ ధైర్యం వెనుక నేపుల్స్ గద్దె కోసం పోపుతో తగవులో ఉన్న రాజు నీడ ఉంది. రెండు అధికారాల నడుమ ఒక సందు మిగిలితే అక్కడ ఆలోచన నిలదొక్కుకుంటుంది. రెసిడెన్సీ బజారు అలాంటి సందే. కోఠీలో బ్రిటిష్ రెసిడెంటు మేడ చుట్టూ పెరిగిన ఆ బజార్లు 1933 దాకా రెసిడెన్సీ అజమాయిషీలోనే ఉన్నాయి. తిరిగి నిజాం చేతికి వచ్చాకే సుల్తాన్ బజారు అనే పేరు స్థిరపడింది. మునగాల పరగణా మరీ చిత్రమైనది. చుట్టూ నిజాం ఇలాకా, నడుమ కృష్ణా జిల్లాకు చెందిన ఒక జమీందారీ. ఆ ద్వీపాన్ని నల్లగొండ జిల్లాలో కలిపింది 1959లో.

1901 సెప్టెంబరు 1న రెసిడెన్సీ ప్రాంతంలో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. పూనుకున్నవాళ్లలో మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు ఉన్నారు, ఆయన దివాను కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ఉన్నారు. సందులో ఉన్న జమీందారు, సందులో ఉన్న బజారుకు వచ్చి గ్రంథాలయం పెట్టించాడన్నమాట. లక్ష్మణరావును చూస్తే నాకు సలుతాతి గుర్తుకు వస్తాడు. ఉద్యోగం దివానుగిరీ, ప్రాణం మాత్రం చరిత్రలో. 1877లో పెనుగంచిప్రోలులో పుట్టి, అక్క దగ్గర ఉండి నాగపూరు ప్రాంతంలో చదువుకున్నారు. మరాఠీలో వ్యాసాలు రాశారు. శివాజీ కాలపు కాగితాల కోసం మరాఠీ పండితులు ఊరూరా తిరుగుతున్న రోజులవి. మూల పత్రం లేనిదే చరిత్ర లేదన్న పట్టుదల ఆయనకు ఆ వాతావరణంలో అబ్బిందనుకోవడం సబబు. ఆ అక్క బండారు అచ్చమాంబ. ఆమె అబలా సచ్చరిత్ర రత్నమాల పేరుతో స్త్రీల జీవితాలను ఏరి తెలుగులో గ్రంథంగా కూర్చింది. రాజుల వంశావళులే చరిత్రగా చెలామణీ అవుతున్న రోజుల్లో ఆడవాళ్ల బతుకులు చరిత్రకు తగిన వస్తువని ఒక ఇల్లాలు తేల్చిందంటే, తమ్ముడి కంటే అక్కే ముందు నడిచిందని ఒప్పుకోవాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. గ్రంథాలయానికి పెట్టిన పేరు ఒక చక్రవర్తిది. 1904లో హనుమకొండలో పెట్టినదానికి రాజరాజనరేంద్రుడి పేరు. పోయిన రాజ్యాల మీద మోజు తప్ప దీంట్లో మానవవాదం ఎక్కడ ఉంది అని అడగవచ్చు. తలుపు మీది పేరు చూస్తే ఆ మాట నిజమే. లోపల జరిగింది చూద్దాం. అయిదేళ్లకు, 1906లో, అదే బృందం హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమాల స్థాపించింది. వాళ్లు అచ్చువేసిన మొదటి పుస్తకం రాయల చరిత్ర కాదు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకను చరిత్ర. దొరలూ దేశ్‌ముఖులూ వెట్టి చేయించుకుంటున్న రాజ్యంలో, బానిసలను విడిపించినవాడి జీవితాన్ని తెలుగువాళ్లు మొదట చదవాలని వాళ్లు నిర్ణయించారు. ఆ ఎంపిక యాదృచ్ఛికమని నేను అనుకోను. వెనువెంట ప్రకృతి శాస్త్రాల పుస్తకాలు వచ్చాయి, 1910లో చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం వచ్చింది. రాయల పేరు పిలుపు కోసం. ఎవరి పేరు చెబితే జనం గుమికూడతారో ఆ పేరు చెప్పారు. గుమికూడినవాళ్ల చేతిలో పెట్టింది వేరొకటి.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. ఆ సందును ఇచ్చింది బ్రిటిష్‌వాడు కదా, అచ్చూ ఇంగ్లీషు చదువూ కూడా వాళ్లవే కదా, అలాంటప్పుడు ఈ వికాసమంతా కోస్తా మీదుగా వచ్చిన ఆంగ్లేయ దానమే కదా అంటారు. దీనికి జవాబు లింకను చరిత్ర రాసిన మనిషి జీవితంలోనే ఉంది. గాడిచర్ల 1908లో స్వరాజ్య పత్రికలో రాసిన రాతకు జైలు పాలయ్యాడు, జైల్లో పెట్టింది నిజాం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో బ్రిటిష్ ప్రభుత్వం రాజద్రోహం మోపి పెట్టింది. అంటే వాళ్ల సొంత ఏలుబడిలో వాళ్లిచ్చిన స్వేచ్ఛ ఎంతో తేలిపోయింది. రెసిడెన్సీ బజారులో ఊపిరాడిందంటే కారణం బ్రిటిష్ ఉదారత కాదు. ఒక అధికారానికి ఆ జాగా తనది కాదు, మరో అధికారానికి అక్కడి తెలుగు చదువుతో తగువు లేదు. మేలు చేసింది ఏలికల్లో ఎవరూ కాదు, వాళ్ల నడుమ మిగిలిన ఖాళీ. నాగపూరు నుంచి మరాఠీ పట్టుదల, కోస్తా నుంచి అచ్చు, తెలంగాణ నుంచి దస్తావేజులూ సొమ్మూ వచ్చి ఆ ఖాళీలో కలిశాయి. కనుక ఒక్క దిక్కు నుంచి వచ్చిన దానం అనడం లెక్కకు నిలవదు.

వెతుకులాట విషయానికి వస్తే తెలుగువాళ్లకూ పోజ్జియో వంటివాళ్లు ఉన్నారు, వాళ్లను మనం తగినంత తలచుకోం. వనపర్తి సంస్థానంతో అనుబంధం ఉన్న మానవల్లి రామకృష్ణకవి తంజావూరు గ్రంథాలయంలో నన్నెచోడుడి కుమారసంభవాన్ని పట్టుకుని 1909లో అచ్చువేశారు. అప్పటిదాకా నన్నెచోడుడు ఎవరో పండితులకే తెలియదు. ఆయనే వెలికి తెచ్చిన మరో పుస్తకం క్రీడాభిరామం. దాని పరిష్కరణలో ఆయన తీసుకున్న చొరవల మీద, కవి ఎవరన్నదాని మీద వాదాలు చాలా నడిచాయి. వాటిని పక్కన పెడితే తెలుగు చరిత్రకు దాని విలువ అంచనాకు అందదు. ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరుగుతారు. పూటకూళ్ల ఇల్లు, అక్కడ రూకకు దొరికే భోజనం, సంతలో జనం, కోడిపందేలు, గ్రామదేవతల కొలువు, అన్నీ కళ్లకు కడతాయి. కాకతీయుల గురించి శాసనాలు దానాలు చెబుతాయి, ఈ పుస్తకం ఆకలి చెబుతుంది. లక్ష్మణరావు 1923లో చనిపోయాక ఆయన పేరిట నడిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణ ఊళ్లలో తాటాకు ప్రతులనూ శాసనాలనూ సేకరించింది. ఆదిరాజు వీరభద్రరావు వంటివాళ్లు గుళ్లూ చెరువుగట్లూ తిరిగి రాళ్ల మీది అక్షరాలను కాగితాల మీదికి ఎక్కించారు. 1935లో తెలంగాణా శాసనములు సంపుటం అచ్చయింది. తెలంగాణలో కవులు లేరన్న ఒకరి మాటకు జవాబుగా గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. అంతమందిలో గొప్పవాళ్లెందరు అని లెక్కించడం నాకు ముఖ్యంగా తోచదు. అడ్రసుతో సహా మనుషులను వెతికి పట్టి, పేర్లు రాసి, సాక్ష్యంగా నిలబెట్టడం ఆ సంచిక చేసిన పని.

ఈ వెతుకులాట తాళపత్రాల దగ్గర ఆగకుండా బతికున్న భాష మీదికి మళ్లింది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో సంఘసంస్కార సభ జరిగింది, అధ్యక్షుడు మహర్షి కర్వే. అల్లంపల్లి వెంకట రామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలి చేసి ఆపారు. ఆ రాత్రే కొద్దిమంది కూర్చుని ఆంధ్ర జన సంఘానికి పునాది వేశారు. ఆ చరిత్రను మాడపాటి హనుమంతరావు తన పుస్తకంలో రికార్డు చేశారు. ఈ సంఘటనను ఉర్దూ మీద తెలుగు పోరుగా చెప్పడం మనకు అలవాటైంది. ఆ సభలో గేలి చేసింది మరాఠీ, కన్నడ వాళ్లే ఎక్కువన్న సంగతిని అలా చెప్పేవాళ్లు దాటేస్తారు. ఉర్దూకూ ఆ రోజుల్లో ఒక పునర్వికాసం జరుగుతోందని కూడా చెప్పుకోవాలి. ప్రజల భాషల్లో ఒకటైన ఉర్దూలో పై చదువు చెప్పడానికి 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తెరిచారు, శాస్త్ర గ్రంథాలను అనువదించడానికి ఒక ప్రత్యేక శాఖే పెట్టారు. భారతీయ భాషలో వైద్యం, ఇంజనీరింగు చెప్పవచ్చునని నిరూపించిన ప్రయోగం అది. కానీ దాన్ని నడిపింది దర్బారు, అది మాట్లాడింది రాజ్యంలో కొద్దిమంది ఇంటి భాష. తెలుగు గ్రంథాలయాలు నడిచింది చందాల మీద, చేబదుళ్ల మీద. సభ పెట్టాలంటే అనుమతి తెచ్చుకోవాలన్న 53వ నంబరు గస్తీ (సర్కారు ఉత్తర్వు) నీడలో నడిచాయి. పోషకుడి చేతిలో పెరిగిన విద్య పోషకుడి అవసరం తీరగానే దిక్కులేనిదవుతుంది. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమానికి పట్టిన గతి అదే, అది మనం కోల్పోయిన సంపద.

వెతికిన పుస్తకం మనిషి వైపు తిరిగిన క్షణం ఏదంటే, ప్రతాపరెడ్డి 1949లో ప్రచురించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర అని చెబుతాను. మానవల్లి వెలికి తీసిన క్రీడాభిరామాన్ని ఆయన కావ్యంగా చదివి పక్కన పెట్టలేదు, వాంగ్మూలంగా తీసుకున్నారు. పాల్కురికి సోమనాథుడి పురాణాలు, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి, ఏ కావ్యం చేతికి వచ్చినా ఆయన అడిగిన ప్రశ్నలు ఒకే తీరువి. వీళ్లు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలు ఆడారు, పన్ను ఎంత కట్టారు, రోగం వస్తే ఎవరి దగ్గరికి పోయారు? అలంకారికులు ఉపమ చూసిన చోట ఆయన కూలివాడి గొంగడి చూశారు. వల్లా ఒక దానపత్రంలోని మాటలను పరీక్షించి పోపును ప్రశ్నించినట్టు, ప్రతాపరెడ్డి కావ్యాల్లోని మాటలను పరీక్షించి చరిత్ర అంటే రాజుల యుద్ధాలేనన్న నమ్మకాన్ని ప్రశ్నించారు. చాలా మాటలకు నిఘంటువుల్లో అర్థం లేకపోతే పల్లెల్లో ఇంకా వాడుకలో ఉన్న అర్థాలను పట్టుకుని ముడి విప్పారు. తెలంగాణ పలుకుబడి లోపభూయిష్టమన్నవాళ్లకు ఆ పద్ధతే సమాధానం అయింది, ఎందుకంటే పాత కావ్యపు తాళం ఆ పలుకుబడితోనే తెరుచుకుంది. 1955లో తెలుగుకు వచ్చిన మొదటి సాహిత్య అకాడమీ పురస్కారం ఈ పుస్తకానిదే. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. రాయల పేరుతో మొదలైన దారి యాభై ఏళ్లలో పూటకూళ్ల ఇంటి దాకా చేరింది.

మనిషిని నడుమ నిలబెట్టడం మనకు అంత కొత్తా, పాల్కురికి సోమన లేడా, వేమన లేడా అని అడిగేవాళ్ల మాట కొట్టిపారేయదగ్గది కాదు. కులాన్నీ ఆచారాన్నీ వాళ్లు నిలదీసిన తీరు ఏ యూరప్ మానవవాదికీ తీసిపోదు. అయితే వేమన పద్యాలు పండితుల లెక్కలో లేనప్పుడు వాటిని పోగుచేయించి 1829లో అచ్చువేసింది సి.పి. బ్రౌను. గొంతు ఉండటం వేరు, ఆ గొంతును తర్వాతి తరాలకు అందించే గ్రంథాలయం, అచ్చుయంత్రం, పాఠాన్ని సరిచూసే పద్ధతి ఉండటం వేరు. పునర్వికాసం అని నేను అంటున్నది ఈ రెండోదాన్ని. ఈ పద్ధతి పట్నానికే పరిమితం కాలేదు. వరంగల్లు దిక్కు ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు ఒక పల్లెకు అచ్చుయంత్రం తెచ్చి 1922లో తెనుగు పత్రిక నడిపారు, అదే ఏడు నల్లగొండలో నీలగిరి వచ్చింది. పలు భాషలూ వడ్రంగం నుంచి ఫొటోగ్రఫీ దాకా పలు పనులూ నేర్చిన ఆ ఇద్దరన్నదమ్ములు ఫ్లారెన్సులో పుట్టి ఉంటే ప్రపంచం వాళ్లను పేరుపెట్టి పిలిచేది.

నేను పూర్తిగా కాదనలేని అభ్యంతరం ఒకటి ఉంది. ఇప్పటిదాకా చెప్పిన పేర్లన్నీ జమీందారులవి, దివాన్లవి, వకీళ్లవి, పండితులవి. చదువు వచ్చినవాళ్లు నూటికి పదిమందైనా లేని రాజ్యంలో గ్రంథాలయం తలుపు తెరిచింది ఎవరికోసం? ఫ్లారెన్సు మానవవాదుల మీదా ఇదే నింద ఉంది, అక్కడా అది నిజమే. కానీ హైదరాబాదులో ఈ నిందకు జవాబు అదే కాలంలో, అదే బస్తీలో, వేరే మనుషులు ఇచ్చారు. రెసిడెన్సీకి కూతవేటు దూరంలో ఇసామియా బజారులో 1910లో భాగ్యరెడ్డి వర్మ దళిత పిల్లలకు తెలుగు బడి పెట్టారు. లక్ష్మణరావు కంటే పదకొండేళ్లు చిన్నవాడు, మాలల ఇంట్లో పుట్టినవాడు. గ్రంథమాల పుట్టిన 1906లోనే ఆయన జగన్మిత్ర మండలి పెట్టారు. ఆ బడులు పెరిగి 26 అయ్యాయి. ఆయన వాదన తీరు చూస్తే అదీ అచ్చంగా పునర్వికాసపు తీరే. మీరు మమ్మల్ని పంచములంటున్నారు, మేము ఈ నేలకు మొదటివాళ్లం అని గతాన్ని సాక్ష్యానికి పిలిచారు. 1917లో విజయవాడలో పంచమ సభగా పిలిచిన సభ ఆయన అధ్యక్షతన ఆది ఆంధ్ర సభగా పేరు మార్చుకుంది. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం ఆది హిందువులన్న పేరును నమోదు చేసింది. పండితులు పోయిన పుస్తకాన్ని వెతికితే ఈయన పోయిన పేరును వెతికి తెచ్చారు. భాషానిలయం చరిత్రనూ ఆది హిందూ బడుల చరిత్రనూ వేర్వేరు పుస్తకాల్లో రాయడం మనం చేస్తున్న తప్పు. ఒకే నగరంలో, ఒకే దశాబ్దంలో, నడిచిపోయేంత దూరంలో పుట్టిన ఈ రెండు ప్రయత్నాలను పక్కపక్కన పెడితే తప్ప మనిషి అన్న మాటకు అప్పుడు ఎంత వెడల్పు వచ్చిందో తెలియదు, ఎంత వెడల్పు రాలేదో కూడా తెలియదు.

తలుపు ఎవరికోసం అన్న ప్రశ్నకు మరో జవాబు విజయవాడ బాట మీదనే పుట్టింది. నకిరేకల్ దగ్గరి మాధవరంలో 1915లో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నాడు. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేస్తూ అక్షరాలు నేర్చుకున్నాడు. విజయవాడలో హోటల్లో సర్వరుగా పనిచేశాడు. గ్రంథాలయాల్లో చదివి పైకి వచ్చి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ముప్పైకి పైగా పుస్తకాలు వేశాడు. వాటిని మోసుకుంటూ ఊరూరా తిరిగి తానే అమ్మాడు. జైళ్లకు పోయాడు. 1955లో వచ్చిన ఆయన నవల పేరు ప్రజల మనిషి. నిజాం కాలపు ఒక పల్లె, దొర గడి, ఆ గడిని ఎదిరించి నిలిచిన కంఠీరవం అనే కుర్రవాడు అందులోని కథ. క్రీడాభిరామం నాటి పూటకూళ్ల ఇంట్లో కవి భోజనానికి కూర్చున్న ఇద్దరు మిత్రులను వర్ణించాడు. అయిదు వందల ఏళ్ల తర్వాత, అలాంటి ఇంట్లో వడ్డించిన చేయి కలం పట్టి రాసిన పుస్తకం ఇది.